బాపు గీసిన నక్ష: ‘ది స్టార్స్ లుక్ డౌన్’తో పదకొండేళ్ళు

ఈ పదమూడు భాగాల బ్రిటిష్ ధారావాహిక డిస్కులు మా ఇంటికి వచ్చి పదకొండేళ్ళు దాటింది. మొత్తంగా మూడుసార్లు, కొన్ని భాగాలు లెక్కపెట్టనన్నిసార్లు చూశాను. ఎ. జె. క్రోనిన్ 1935లో రాసిన నవలను అలన్ ప్లేటర్ టెలివిజన్‌కు మలచగా 1975లో గ్రనాడా సంస్థ ప్రసారం చేసిన ఈ నాటకం కథాసంగ్రహం, నటీనటుల వివరాలు ఎక్కడైనా దొరుకుతాయి కనుక వాటి జోలికి పోను. నేను చెప్పదలచుకున్నది ఇందులోని నీళ్ళ గురించి.

ఇంగ్లండ్ ఈశాన్య ప్రాంతంలోని స్లీస్కేల్ అనే బొగ్గు ఊరిలో, నెప్ట్యూన్ గనిలో, స్కప్పర్ ఫ్లాట్స్ అనే చోట తవ్వకం ముందుకు సాగితే పక్కనున్న పాత గనిలో నిలిచిన నీరు మీద పడుతుందని రాబర్ట్ ఫెన్విక్ అనే పాత కార్మికుడు నమ్ముతాడు. యజమాని బారాస్ ఒప్పుకోడు. గని కప్పు కూలడాన్నో, వాయువు అంటుకోవడాన్నో తెర మీద చూపడం తేలిక. ఇంకా రాని నీటి గురించిన భయాన్ని సమ్మెలోకి, వంటగదిలోకి, తండ్రీకొడుకుల మౌనంలోకి తెచ్చి, తొందరపడకుండా పెంచుకుంటూ పోవడం కష్టం. ఆ ఓపిక ఈ నాటకానికి ఉంది.

అయితే ఈ సంగతి మొదటిసారి చూసినప్పుడు నాకు తెలియలేదు. నా దగ్గరున్న డిస్కుల్లో సబ్‌టైటిళ్ళు లేవు. ఆ ప్రాంతపు యాస కాలేజీలో చదువుకున్న ఇంగ్లీషుకు అందేది కాదు. సగం మాటలు చెవిని తాకి జారిపోయేవి. పైగా ఇవి బ్రిటన్ ప్రాంతపు ప్లేయర్ల కోసమే చేసిన (రీజియన్) డిస్కులు కావడంతో మా పాత ప్లేయర్ వాటిని తీసుకోలేదు, వేరే ప్లేయర్ కొనవలసి వచ్చింది. డబ్బు పెట్టి దూరం నుంచి తెప్పించుకున్న వస్తువు ఇలా ఉన్నందుకు చాలా రోజులు బాధపడ్డాను. వినికిడి తక్కువైన వాళ్ళకూ పరాయి భాషవాళ్ళకూ కనీస సాయం లేకుండా ఇటువంటి పాత నాటకాన్ని అమ్మడం తప్పని ఇప్పటికీ అనుకుంటున్నాను.

రెండోసారి చూస్తున్నప్పుడు మా బాపు, అంటే మా నాన్న, వచ్చి మంచం అంచున కూర్చున్నాడు. సింగరేణిలో బొగ్గు ఎత్తే కోల్‌ఫిల్లర్‌గా చేరి, గని లోపలి పనినీ భద్రతనూ చూసే మైనింగ్ సర్దార్‌గా పదవీ విరమణ చేసిన మనిషి. ఇంగ్లీషు రాదు. పరాయి భాషా సినిమా ముందు పది నిమిషాలు కూడా నిలిచేవాడు కాదు. కాసేపు చూసి వెళ్ళిపోతాడనుకున్నాను. స్కప్పర్ ఫ్లాట్స్‌లో తడిని చూసి రాబర్ట్ ముఖం మారే సన్నివేశం దగ్గర “ఆపు బిడ్డా, మల్లొక్కసారి పెట్టు” అన్నాడు. మళ్ళీ పెట్టాను. “గది వట్టి చెమ్మ కాదు. అవతల నీళ్ళున్నయి. ఆ పక్కకు పాత బాయి ఏమన్న ఉన్నదా?” అని అడిగాడు. బాయి అంటే మా దగ్గర గని. ఉందన్నాను. బల్ల మీది దినపత్రిక అంచున నా పెన్నుతో గళ్ళు గళ్ళుగా పిల్లర్లు, అంటే కప్పును మోయడానికి తవ్వకుండా వదిలే బొగ్గు దిమ్మెలు, గీశాడు. వాటి మధ్య గ్యాలరీలు, తవ్విన దారులు, వచ్చాయి. డిప్పు, అంటే బొగ్గు పొర వాలు, ఎటుందో చూపే బాణం వేశాడు. ఆఖరున ఒక మందపాటి గీత గీసి, దానికి అవతలంతా పెన్నుతో నల్లగా నింపాడు. “అరవై మీటర్లు ఉండంగనే ఆగాలె. ముందట బోరు కొట్టి చూసుకుంట పోవాలె. నక్ష లేకుంటె పని బందు పెట్టాలె. నక్ష ఉండి దాస్తె మాత్రం...” అని ఆ మాట పూర్తిచేయలేదు.

ఈ కథలో నక్షకు, అంటే గని పటానికి, ఎంత పాత్ర ఉందో నేను ఆయనకు అప్పటికి చెప్పనే లేదు. పాత గని పటం బారాస్‌కు తెలుసునన్న నిజం చుట్టూనే, దాన్ని మోయలేక అతని కొడుకు ఆర్థర్ నలిగిపోవడం చుట్టూనే తర్వాతి కథ చాలావరకు తిరుగుతుంది. మాట ఒక్కటీ అర్థంకాని మనిషి గోడ మీది తడిని చూసి ఆ కథను ముందే చదివేశాడు. అది ఊహ కాదు, గనిలో నేర్చిన చదువు. కథలోని నీళ్ళ భయమూ వట్టి కల్పన కాదు. క్రోనిన్ నవల రాయకముందు దక్షిణ వేల్స్‌లో గనుల వైద్య పరిశీలకుడిగా పనిచేశారు. నవల రావడానికి పదేళ్ళ ముందు, 1925 మార్చి 30న, న్యూకాసిల్ దగ్గరి మాంటేగ్యూ గనిలోకి పాత పనుల నీరు చొచ్చుకువచ్చి 38 మంది చనిపోయారు. ఈ నాటకం ప్రసారమైన ఏడాదే, డిసెంబరు 27న, ధన్‌బాద్ ప్రాంతంలోని చస్‌నాలా గనిలో నీరు విరుచుకుపడి 375 మంది పోయారు.

నీళ్ళు వచ్చే భాగాన్ని బాపు నిలబడి చూశాడు. అయిపోయాక చాలాసేపటికి “మనోళ్ళు పదిహేడు మంది” అన్నాడు. 2003 జూన్ 16న గోదావరిఖనిలో 7 ఎల్‌ఇపి గనిలోకి నీరు వచ్చినప్పటి మాట అది. అప్పుడు గని దగ్గరికి వెళ్ళి మూడో రోజు ఇంటికి వచ్చిన ఆయన, ఆ సంగతి మాతో ఎత్తడం అదే మొదలు.

మొదట్లో నేను అందరికీ గొప్పగా చెప్పింది జో గౌలన్ పాత్ర గురించి. గని పిల్లవాడుగా మొదలై లాభాల కోసం దేనికైనా తెగించే ఆ మనిషిగా అలన్ ఆర్మ్‌స్ట్రాంగ్ నటన ఇప్పటికీ గొప్పదే. డర్హమ్ బొగ్గు కార్మికుడి కొడుకైన ఆ నటుడికి ఆ యాస ఎక్కడా అరువు తెచ్చుకున్నట్టు ఉండదు. కానీ మూడోసారి చూసినప్పుడు జో ఎత్తుగడలన్నీ మరీ సులువుగా ఫలిస్తున్నాయనిపించింది. కథ గనిని వదిలి పట్నానికి, ఎన్నికలకు వెళ్ళాక బిగువు కొంత సడలుతుంది. రాబర్ట్ కొడుకు డేవిడ్ భార్య జెన్నీకి ఒక మంచి సన్నివేశం కూడా దక్కలేదన్న అసంతృప్తి నాకుంది. గని లోపలి దృశ్యాల్లో దీపం వెలుగు కంటే స్టూడియో వెలుగే ఎక్కువగా కనిపిస్తుందని బాపు కూడా అన్నాడు. నిజమే, లోపలి చీకటి ఎలా ఉంటుందో ఈ నాటకం పూర్తిగా చూపలేకపోయింది.

కొనమని చెప్పాలా అంటే నాకు తటపటాయింపుగానే ఉంది. నా స్నేహితురాలికి ఈ డిస్కులు ఇచ్చి చూశాను. ఆమె చక్కని ఇంగ్లీషు ఉపాధ్యాయురాలు, ఓపిక ఉన్న మనిషి, అయినా యాసతో పడలేక మూడో భాగం దగ్గర తిరిగి ఇచ్చేసింది. ఆమెను తప్పుపట్టలేను. బొగ్గు ఊళ్ళో పెరిగినవాళ్ళు, ఇంట్లో షిఫ్టు సైరన్‌కు లేచి వెళ్ళిన మనిషి ఉన్నవాళ్ళు, వీలైతే ఆ మనిషి పక్కన కూర్చుని చూడండి. ముందు నవల చదివి చూస్తే సబ్‌టైటిళ్ళు లేని లోటు చాలావరకు తీరుతుంది, మూడోసారి నేను చేసింది అదే. బాపు గీసిన ఆ పత్రిక ముక్క డిస్కుల పెట్టెలోనే ఉంది, పెన్ను నొక్కి నింపిన చోట కాగితం కొద్దిగా చిరిగింది.