ఎర్రముక్కపల్లి మేడమీది లెక్కల ట్యూషన్: తొమ్మిది, పది తరగతుల పిల్లల అమ్మానాన్నలకు

కడపలో లెక్కల ట్యూషన్ కోసం తిరుగుతున్న వాళ్ల కోసం రాస్తున్నా. ఎర్రముక్కపల్లిలో బ్రౌన్ గ్రంథాలయం అందరికీ తెలుసు కదా, ఆ చుట్టుపక్కల లోపలి వీధిలోనే రిటైరైన హైస్కూలు సారు ఒకాయన తన ఇంటి మేడ మీద చెప్తాడు. బోర్డు లేదు. నెలకు 800. మా పాప తొమ్మిదిలో చేరింది, ఇప్పుడు పది. నేను ఇంట్లోనే బ్లౌజులు, లంగాలు కుడతాను. పాప హోంవర్కంతా నా మిషను పక్కన కూర్చునే చేస్తుంది. అందుకే ఆయన పద్ధతి నాకు బాగా తెలుసు.

ఈ సారు కాడ మొదట సూత్రం రాయకూడదు. లెక్క చదివి, మనకు ఏం తెలుసు, ఏం కావాల అని రెండు ముక్కలు సొంత మాటల్లో రాయాల. ఆ తర్వాతే x. అది కూడా ఉత్తగా "x అనుకుందాం" అంటే ఒప్పుకోడు, "వెడల్పు x మీటర్లు అనుకుందాం" అని పూర్తిగా రాయాల్సిందే. పొడవు వెడల్పు కంటే 3 మీటర్లు ఎక్కువ, వైశాల్యం 54 చదరపు మీటర్లు, కొలతలు కనుక్కోమన్నారనుకోండి. x(x + 3) = 54 అని రాసి, రెండు వైపులా 54 తీసి విడగొడితే (x + 9)(x − 6) = 0 వస్తుంది. x విలువ 6 గానీ, −9 గానీ. ముందే "వెడల్పు" అని రాసుకున్న పిల్లకు మైనస్ తొమ్మిది మీటర్ల వెడల్పు ఉండదని ఎవరూ చెప్పక్కర్లేదు. 6 ఉంచుకుంటుంది, పొడవు 9 అంటుంది, ఆరు తొమ్ముల యాభై నాలుగు అని సరిచూసుకుంటుంది. సరిచూడకుండా వదిలేసిన లెక్కకు ఆయన టిక్కు పెట్టడు. నాకు అన్నిటికంటే నచ్చింది ఇదే. జవాబు కరెక్టో కాదో చివరి పేజీ తిప్పి చూడకుండా పిల్ల తనే తేల్చుకుంటుంది.

"అవతలికి పోతే ప్లస్సు మైనస్ అయితాది" అనే మాట మన ఊర్లో చానామంది పిల్లల నోట్లో ఉంటుంది. ఎందుకయితాదో అడిగితే చెప్పలేరు. సారు ఆ మాట అననివ్వడు. సమీకరణం తక్కెడ లాంటిది, రెండు సిబ్బెల్లోంచీ ఒకే బరువు తియ్యమంటాడు. 3x + 7 = 22 లో రెండు వైపులా ఏడు తీస్తే 3x = 15, మూడుతో భాగిస్తే x = 5. బ్రాకెట్లు, భిన్నాలు వచ్చినప్పుడు కూడా మా పాప గుర్తులు తారుమారు చెయ్యకుండా ఉందంటే దీనివల్లే.

(a + b)² పాఠం కోసం అట్టముక్కలు తెమ్మన్నాడు. నేను రవికల్లో మిగిలిన గుడ్డ కత్తిరించి పంపించినా. 5 అంగుళాల చదరం ఒకటి, 2 అంగుళాల చదరం ఒకటి. ఈ రెండూ కలిపి 7 అంగుళాల చదరాన్ని కప్పమన్నాడంట. 25, 4 కలిపితే 29, కావాల్సింది 49. మిగిలిన 20 ఎక్కడుందంటే 5 బై 2 పట్టీలు రెండు. అదే 2ab. మధ్య పదం మర్చిపోయి a² + b² అని రాసేసే పిల్లలు ఎంతమందో టీచర్లను అడగండి. ఈ గుడ్డముక్కలు పరిచి చూసినోళ్లు రాయరు.

రేఖాగణితంలో పటం చేత్తోనే గియ్యాల, స్కేలు వద్దంటాడు. "చూస్తే లంబంగానే ఉంది సార్" అంటే చెల్లదు. ఎందుకు లంబమో ఇచ్చినదాంట్లోంచి చూపించాల. వృత్తం వ్యాసార్థం 5 సెంటీమీటర్లు, కేంద్రం నుంచి 13 సెంటీమీటర్ల దూరంలో బిందువు, అక్కడి నుంచి స్పర్శరేఖ పొడవు ఎంత? వ్యాసార్థం, స్పర్శరేఖ తాకే చోట లంబం అన్న వాక్యం ముందు పడితేనే పైథాగరస్ వాడుకోనిస్తాడు. 169 లోంచి 25 పోతే 144, జవాబు 12. పిల్లలు ఆ వాక్యాన్ని మింగేసి సూత్రంలోకి దూకుతారు, పరీక్షలో మార్కులు పోయేది అక్కడే.

ఇంకో సంగతి చెప్పాల. గొడుగు లంగాకు, అంటే పరిస్తే నిండు వృత్తంలా ఉండేదానికి, నడుము కొలతను ఆరుతో భాగించి పావంగుళం తగ్గించి నడుము దగ్గరి వృత్తానికి వ్యాసార్థం గీసుకుంటాం. నాకు కుట్టు నేర్పిన అక్క చెప్పిన లెక్క అది. ఆ ఆరు ఎక్కడిదో ఆమెకూ తెలీదు. ఒకరోజు 28 నడుముకు గుడ్డ నాలుగు మడతలేసి గీస్తుంటే పాప చూసి, "మా, చుట్టుకొలత 28 కదా, 2πr = 28" అని నోట్సులో రాసింది. 28ని 6.28తో భాగిస్తే 4.46. నా లెక్కలో 4.42. అంటే ఆ ఆరు 2πకి దగ్గరి అంకె, పావంగుళం తగ్గించేది మిగిలిన తేడాకు. తర్వాత తనే, సగం గొడుగైతే πr = 28, వ్యాసార్థం దాదాపు 8.9 అని చెప్పింది. ఆ లెక్క ఎవరూ ఇవ్వలేదు దానికి. చానా సంతోషమేసింది నాకు.

బాగలేనివి కూడా చెప్తా. మేడ మీద రేకుల గది, ఏప్రిల్‌లో పిల్లలు ఉడికిపోతారు. ఫ్యాన్లు చాలవు. వృత్తలేఖిని పట్టి చేసే నిర్మాణాలకు టైము తక్కువ ఇస్తాడు. సరూప త్రిభుజాల నిర్మాణం పాప ఇంటి కాడే రెండోసారి చేసుకోవాల్సి వచ్చింది. ఇది నేను సారుతోనే అన్నా, "సరేమ్మా, ఆదివారం కూర్చోబెడతా" అన్నాడు, కూర్చోబెట్టినాడు కూడా. వారం వారం పరీక్షలు, ర్యాంకులు కావాలనుకునే వాళ్లకు ఈ చోటు సరిపోదు. నిదానంగా పోతాడు. పరీక్షల ముందు నెలలో చేర్చి మార్కులు తెప్పించమంటే ఆయన చేర్చుకోడు.

ఇంగ్లీషు మీడియం పిల్లలకు ఇబ్బంది లేదు, రెండు భాషల్లోనూ పేర్లు చెప్తాడు. సాయంత్రం ఆరు నుంచి ఏడున్నర. చేర్చాలనుకుంటే బడి తెరిచే జూన్‌లోనే, అదీ తొమ్మిదిలోనే చేర్చండి. పిల్లను వెంట తీసుకుపోండి, ముందు ఒక లెక్క ఇచ్చి చూస్తాడు. రాకపోయినా ఫర్వాలేదు, చేర్చుకుంటాడు.