ఎన్‌ఎస్‌జీ ఎలుకలు: మూడేళ్లు వాడిన తర్వాత

మనిషి కణితి నుంచి వేరుచేసిన క్యాన్సర్ మూలకణాలకు కొత్త కణితిని మొలిపించే శక్తి నిజంగా ఉందా లేదా అన్నది గాజుపాత్రలో తేలదు. ప్రాణమున్న దేహంలోకి ఎక్కించి నెలల తరబడి కాచుకోవలసిందే. మామూలు ఎలుక రోగనిరోధక వ్యవస్థ మనిషి కణాలను తిరస్కరిస్తుంది గనుక, మా ప్రయోగశాల మొదట ఆ రక్షణ లోపించిన నాడ్-స్కిడ్ రకం ఎలుకలు వాడి, మూడేళ్ల కిందట ఆ లోపం ఇంకా ఎక్కువున్న ఎన్‌ఎస్‌జీ (నాడ్-స్కిడ్-గామా) రకానికి మారింది. ధర గట్టిగానే ఉన్నా, మారినందుకు నేను పశ్చాత్తాపపడలేదు.

రోగనిరోధక శక్తికి కీలకమైన టి, బి తెల్లరక్తకణాల కొరత రెండింటికీ ఉన్నదే. ఎన్‌ఎస్‌జీలో ఐఎల్-2 (రోగనిరోధక కణాల మధ్య సంకేతం మోసే ప్రోటీన్) గ్రాహకపు గామా గొలుసు జన్యువు కూడా పనిచేయదు గనుక, పరాయి కణాలను చంపే సహజ హంతక కణాలు సైతం ఉండవు. పైగా నాడ్-స్కిడ్ ఎలుకలు చాలావరకు ఏడాది నిండకముందే థైమస్ గ్రంథిలో పుట్టే లింఫోమా అనే క్యాన్సర్‌తో పోతాయి. నెమ్మదిగా ఎదిగే కణితి చేతికి తగిలేలోపే ఎలుక చచ్చిపోయిన సందర్భాలు మాకున్నాయి. ఎన్‌ఎస్‌జీతో ఆ బెంగ లేదు.

అసలు విశేషం లెక్కలో ఉంది. 2008లో మిచిగన్ విశ్వవిద్యాలయంలో షాన్ మోరిసన్ బృందం చూపిన దాని ప్రకారం, పాత పద్ధతిలో, అంటే నాడ్-స్కిడ్ ఎలుకల్లో, సుమారు పది లక్షల మెలనోమా (ఒక చర్మ క్యాన్సర్) కణాల్లో ఒక్కటి కణితిని పుట్టిస్తే, ఎన్‌ఎస్‌జీలో, మాట్రిజెల్‌తో (కణాలకు ఆధారంగా కలిపే ప్రోటీన్ జెల్) కలిపి, ఎక్కువ వారాలు ఆగి చూసినప్పుడు దాదాపు నాలుగింట ఒకటి పుట్టించింది. కణితిని పుట్టించే కణాలు అరుదుగా కనబడటంలో కణితి వాటా ఎంత, ఎలుక వాటా ఎంత అన్న అనుమానం నాకు అప్పటినుంచీ వదల్లేదు. ఇది అన్ని క్యాన్సర్లకూ వర్తిస్తుందని మాత్రం అనలేను.

మాట్రిజెల్‌తో జాగ్రత్త. ఐసు మీద నీళ్లలా ఉండే ఆ ద్రవం గది వేడికే గడ్డకడుతుంది. సిరంజిని చల్లబరచడం మరచి, ఉదయమంతా వడపోసిన కణాలను సూదిలోనే పోగొట్టుకున్నాను. ఇక రవాణా సంగతి: ఒక సరఫరాదారు పంపిన ఎలుకల పెట్టె కార్గోలో నిలిచిపోయి, నీటి జెల్ ఎండిపోయి, రెండు ఎలుకలు దారిలోనే చచ్చాయి. ఆ డబ్బు ఇంకా తిరిగి రాలేదు.

రోగనిరోధక శక్తిని రెచ్చగొట్టే మందుల పరీక్షకైతే మామూలు ఎన్‌ఎస్‌జీని కొనకండి, రెచ్చగొట్టడానికి అందులో ఏమీ మిగల్లేదు. రేడియేషన్ ప్రయోగాల్లోనూ మోతాదు బాగా తగ్గించాలి, స్కిడ్ అనే జన్యులోపం వల్ల తెగిన డీఎన్ఏ సరిగా అతుక్కోదు. మూలకణాలను లెక్కించడానికే అయితే నిస్సంకోచంగా తీసుకోవచ్చు, కాకపోతే వచ్చిన అంకె పక్కనే ఎలుక రకాన్నీ, ఆగిన వారాలనూ రాసిపెట్టండి.