సలేశ్వరమా, మల్లెల తీర్థమా, సోమశిలా? కృష్ణమ్మ లోయల నడవాలంటే ఏది మేలు

ఉగాది దాటిందంటే చాలు, అచ్చంపేట, కల్వకుర్తి, దేవరకొండ దిక్కు నలుగురు కూసున్న కాడ ఇదే ముచ్చట. ఈసారి సలేశ్వరం పోదామా, మల్లెల తీర్థం చూసొద్దామా, పిల్లలున్నరు గదా సోమశిల అయితే సులువు గదా అని. మూడూ నల్లమలల కృష్ణ లోయను పట్టుకొని ఉన్నవే గానీ మూడూ ఒక్క తీరుగ ఉండయి. నేనైతే ముందే చెప్తున్నా, ఏది దగ్గర, ఏది ఫేమస్ అని చూడకుండ్రి, మీరు ఏ నెలల పోతున్నరు అన్నది చూసుకోండి. నెల తప్పితే మల్లెల తీర్థంల సన్నటి ధార ఒక్కటే కనిపిస్తది, సోమశిలల ఎండిన ఒండ్రు కనిపిస్తది, సలేశ్వరం అయితే గేటు కాడనే ఆపేస్తరు.

ఇంకో సంగతి చాలామందికి పోయినంకనే తెలుస్తది. సలేశ్వరంల గానీ మల్లెల తీర్థంల గానీ కృష్ణా నది కనపడదు. అమ్రాబాద్ గుట్ట పైన అంతా చదునుగ ఉంటది, ఆ చదును మీద కురిసిన వాన వాగులై కృష్ణ దిక్కు దిగుతది, దిగేటప్పుడు క్వార్ట్జైట్ అనే గట్టి రాయిని పొరలు పొరలుగ కోసుకుంట పోతది, అట్ల కోసిన లోతు లోయలనే మనోళ్ళు లొద్ది అంటరు. ఇదే నల్లమలల ఉన్న లొద్ది మల్లయ్య గుడి పేరు కూడా అట్ల వచ్చిందే. అంటే మొదటి రెండిట్ల మీరు దిగేది వాగు కోసిన లోయలకు, నది కోసిన లోయలకు కాదు. అసలు కృష్ణమ్మనే చూడాలె అనుకునేటోళ్ళు సోమశిల దిక్కు పోవాలె, లేదంటే శ్రీశైలం రోడ్డు మీద ఆక్టోపస్ వ్యూ పాయింట్ కాడ ఆగాలె.

ముందు సలేశ్వరం ముచ్చట, ఎందుకంటే నడక అంటే నా లెక్కల అదే నడక. చైత్ర పౌర్ణమి ముందూ వెనకా కొద్దిరోజులే తెరుస్తరు, మిగతా ఏడాదంతా అది పులులు తిరిగే కోర్ అడవి, ఎవ్వల్నీ పోనియ్యరు, అదే మంచిది గూడ. శ్రీశైలం హైవే మీద మన్ననూరు చెక్‌పోస్ట్ దాటి ఫరహాబాద్ కాడ లోపలికి తిరిగి, అడవి రోడ్డు మీద రాంపూర్ పెంట (పెంట అంటే చెంచుల గూడెం) దాకా బండ్లు పోతయి, అక్కడ దిగితే దాదాపు 5 కిలోమీటర్లు కాలినడకే. లింగాల దిక్కు అప్పాయపల్లి నుంచి వచ్చే దారి ఇంకా దూరం, ఆ దారిల మన పల్లెటూరోళ్ళు ఎన్నో ఏండ్ల సంది నడుస్తున్నరు. మొదలు గుట్ట దిగుడు, ఆనక కొండ పక్కకు ఇరుకు బాట, ఒక దిక్కు నిలువు రాయి, ఇంకో దిక్కు లోతు, వచ్చేటోళ్ళు పోయేటోళ్ళు ఒక్క బాట మీదనే. దిగేటోళ్ళు "వస్తున్నం లింగమయ్యో" అంటరు, ఎక్కేటోళ్ళు "పోతున్నం లింగమయ్యో" అంటరు, లోయ అంతా అదే మోగుతది. చివరికి రెండు కొండలు దగ్గరికి వచ్చిన కాడ పైనుంచి ధార గుండంల పడుతుంటది, ఏప్రిల్ ఎండల గూడ ఆ నీళ్ళు వణికిస్తయి. పైన గుహల లింగమయ్య. పూజ చేసేది చెంచులు, ఈ జాతర వాళ్ళది, మనం వాళ్ళ ఇంటికి పోతున్నట్టే మెలగాలె.

కానీ ఎండ మామూలుగ ఉండదు. దిగేటప్పుడు ఏమనిపించదు, తిరిగి ఎక్కేటప్పుడే పానం పోయినట్టయితది, ఎందుకంటే అప్పటికి పొద్దు నడినెత్తికి వస్తది. తెల్లారంగనే లోపలికి ఇడుస్తరు, మొదటి గుంపుతోనే దిగి ఎండ ముదరకముందే ఎక్కి రావాలె. దారిల అన్నదానాలు, చలివేంద్రాలు చానా పెడతరు గానీ మీ నీళ్ళు మీ దగ్గర ఉండాలె, ప్లాస్టిక్ బాటిల్ కాదు, స్టీల్‌ది, అడవిల ప్లాస్టిక్ బంద్ చేసిండ్రు. చేతిల ఒక కర్ర, కాళ్ళకు గ్రిప్ ఉన్న బూట్లు. గుండె జబ్బు ఉన్నోళ్ళు, మోకాళ్ళ నొప్పులోళ్ళు, చిన్నపిల్లలు ఉంటే సలేశ్వరం వద్దు అని గట్టిగనే చెప్తా. భక్తి ఉంటే దేవుడే నడిపిస్తడు అంటరు చానామంది, నిజమే కావచ్చు, కానీ ఆ ఇరుకుల మనిషి పడిపోతే మంచం మీద మోసుకొచ్చుడు తప్ప ఇంకో మార్గం లేదు.

మల్లెల తీర్థం దీనికి పూర్తిగ వేరే. హైవే మీద వటవర్లపల్లి కాడ తిరిగితే లోపలికి 8 కిలోమీటర్ల దాకా, బండి దగ్గరిదాకా పోతది, తర్వాత 350 దాకా మెట్లు దిగాలె, అంతే నడక. ట్రెక్ అని ఆశపడి పోయేటోళ్ళకు ఇది తక్కువనిపిస్తది. అయితే నీళ్ళున్న రోజుల్ల ఆ లోయల కూసుంటే లేవబుద్ధి కాదు, చుట్టూ చెట్లు, వేర్లు రాళ్ళను పట్టుకొని కిందికి వేలాడుతుంటయి, పై నుంచి ధార. వాన మంచిగ పడిన ఏడాది అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా బాగుంటది, ఫిబ్రవరి దాటినంక ధార సన్నబడుతది. మెట్లు తడిగ ఉంటయి, పాకురు పడతది, దిగేటప్పుడు జర చూసుకొని. ఎక్కేటప్పుడు ఆగి ఆగి ఎక్కితే అరవై దాటినోళ్ళు కూడా ఎక్కుతరు. వానాకాలం మూడు నెలలు కోర్ ఏరియాల టూరిజం ఆపుతుంటరు గనక జులై, ఆగస్టుల పోయేటట్టయితే మన్ననూరుల ఫారెస్ట్ వాళ్ళను అడిగినంకనే బయల్దేరండి.

సోమశిల గురించి చెప్పాలంటే కొల్లాపూర్ నుంచి దగ్గర, మహబూబ్‌నగర్, నాగర్‌కర్నూల్ వాళ్ళకు ఒక్క పూటల అయిపోయే ప్రయాణం. శ్రీశైలం డ్యామ్ కట్టినప్పుడు పాత సోమేశ్వరుడి గుళ్ళు మునుగుతయని పైకి తెచ్చి మళ్ళ కట్టిండ్రు, ఇప్పుడు ఊరికి ముందే నీళ్ళు, అటు ఒడ్డు నంద్యాల జిల్లా. డ్యామ్ నిండు మట్టం 885 అడుగులు, ఆ దరిదాపులకు నీళ్ళు వచ్చినప్పుడు, అంటే ఆగస్టు చివర్ల నుంచి డిసెంబర్ దాకా, అక్కడి గుట్టెక్కి చూస్తే కృష్ణమ్మ కొండల మధ్యల వంకలు తిరిగి కనిపిస్తది. అసలు నడక అమరగిరి దిక్కు, చేపల వేట చేసుకునే ఊరు, అక్కడ గుట్టల మీద నుంచి చూస్తే లోయ లోతు తెలుస్తది. బాట అని బోర్డులేమీ ఉండవు, ఊరోళ్ళల్ల ఒకర్ని తోడు తీసుకొని నడవండి, వాళ్ళకు నాలుగు పైసలిచ్చినట్టూ అయితది. వేసవిల పోతే నీళ్ళు వెనక్కి పోయి నేల పగుళ్ళు బారి ఉంటది, నడిచేటోళ్ళకు అప్పుడు అక్కడ ఏమీ లేదు.

సోమశిలల పుట్టి ఎక్కుతమా, బోటు ఎక్కుతమా అంటే లైఫ్ జాకెట్ ఉన్న బోటు తప్ప ఇంకోటి వద్దు. 2007ల ఇదే నీళ్ళల్ల మంచాలకట్ట కాడ పడవ మునిగి ఎంతమంది పోయిండ్రో ఆ పల్లెల్ల ఇప్పటికీ చెప్తరు. గాలి లేస్తే ఈ బ్యాక్‌వాటర్‌ల అలలు చెరువుల లెక్క ఉండవు.

అక్కమహాదేవి గుహల సంగతి గూడ అడుగుతరు. 12వ శతాబ్దంల కన్నడంల వచనాలు రాసిన అక్కమహాదేవి తపస్సు చేసిందని చెప్పుకునే గుహలు, శ్రీశైలం దిక్కు పాతాళగంగ నుంచి బోటుల పోవాలె, దిగినంక కొంచెం ఎక్కుడు, లోపల ఒక కాడ వంగి, ఒక కాడ పక్కకు తిరిగి దూరాలె. బోటు మీద కూసున్నంత సేపు రెండు దిక్కులా ఆ లోయ గోడలు చూస్తరు చూడండి, అది సోమశిలల కూడా దొరకదు. కానీ నడక కోసం పోయేటోళ్ళకు ఇది తక్కువే, పైగా నీళ్ళ మట్టం, గాలి చూసి బోటు ఆపేస్తుంటరు గనక దాన్ని నమ్ముకొని ప్లాన్ పెట్టుకుంటే కష్టం.

మరి ఏది మేలు అంటే, కాళ్ళల్ల బలం ఉండి, గుంపును తట్టుకునే ఓపిక ఉండి, ఏప్రిల్‌ల సెలవు దొరికితే సలేశ్వరమే, దానికి సాటి వచ్చేది మన దక్షిణ తెలంగాణల ఇంకోటి లేదు. ఇంట్ల పెద్దోళ్ళూ పిల్లలూ అందరూ కలిసి పోవాలంటే అక్టోబర్, నవంబర్ల మల్లెల తీర్థం, వచ్చేటప్పుడు ఉమామహేశ్వరం గుడి చూసుకొని రావచ్చు. ఫొటోలకు, నది చూపుకు, పొద్దుమూకే దాకా తీరిగ్గ కూసునేటందుకు సోమశిల, అమరగిరి. నాకు ఒక్కటే ఎంచుకొమ్మంటే, జాతర కాని రోజుల్ల అమరగిరి దిక్కే పోతా, మల్లెల తీర్థం కన్నా ముందు దాన్నే పెడత, ఎందుకంటే అక్కడ నడవడానికి జాగా ఉంది, ఆదివారం గూడ తొక్కిసలాట ఉండదు.

ఎటు పోయినా ఒక్కటి మర్చిపోవద్దు. అమ్రాబాద్ టైగర్ రిజర్వ్ 2,611 చదరపు కిలోమీటర్లు, పులి, ఎలుగుబంటి, చిరుత అన్నీ ఉన్నయి, 2019ల యురేనియం తవ్వకాలు వద్దని చెంచుల నుంచి పట్నం దాకా కొట్లాడితే అసెంబ్లీల తీర్మానం చేసేదాకా వచ్చింది. అట్ల నిలబెట్టుకున్న అడవిల మనం స్పీకర్ పెట్టి, తాగి, సీసాలు బండల మీద పగలగొట్టి వస్తే ఎవరికి చెప్పుకోవాలె? గాజు పెంకు మీద మొదలు కాలు పెట్టేది చెప్పుల్లేకుండ తిరిగే చెంచు పిల్లగాడే. కోతులకు బిస్కెట్లు వేయొద్దు, వాటి కోసమే రోడ్డు మీదికొచ్చి బండ్ల కింద పడుతున్నయి.

ఇంక టైం సంగతి. మన్ననూరు కాడ రాత్రి 9 నుంచి పొద్దున 6 దాకా గేటు బంద్, నల్లగొండ నుంచి వచ్చేటోళ్ళు దేవరకొండ, డిండి మీదుగ, మహబూబ్‌నగర్ వాళ్ళు జడ్చర్ల, కల్వకుర్తి మీదుగ వస్తరు గనక ముందు రోజు రాత్రే అచ్చంపేటల ఆగి, ఆరింటికల్ల గేటు కాడ ఉండేటట్టు చూసుకోండి. పెట్రోల్ కూడా అచ్చంపేటలనే నింపుకోండి, అడవి లోపల చానా దూరం ఫోన్ సిగ్నల్ ఉండదు, ఎన్నింటికి తిరిగొస్తరో ఇంట్ల ముందే చెప్పి బయల్దేరండి.