బల్దియా షెడ్డు: ఉన్నచోటే పెంచాలా, ఊరి బయట కట్టాలా?

జేసీబీలు, టిప్పర్లు, నీటి ఒత్తిడితో మురుగు పైపుల పూడిక తీసే జెట్టింగ్ మిషన్లు, నీళ్లు తోడే మోటార్లు, మ్యాన్‌హోల్ మూతలు ఉండే బల్దియా (నగరపాలక సంస్థ) షెడ్డు మనకు వానాకాలంలోనే గుర్తొస్తుంది. వరంగల్ 1994లో కార్పొరేషన్ అయింది. తర్వాత చుట్టుపక్కల ఊళ్లు కలిసి ఇప్పుడు 66 డివిజన్లు. ఇంత ఊరికి తిరిగే బండ్లకు ఊరి నడుమ ఉన్న పాతకాలం షెడ్డు చాలదు, అందులో వాదం లేదు. ఎక్కడ కట్టాలన్నదే ప్రశ్న.

ఊరి బయట జాగా దొరుకుతుంది. పెద్ద బండి ఒక్క మలుపులో తిరుగుతుంది. తెల్లవారుజామున ఇంజన్ల చప్పుడుకు ఎవరి నిద్రా చెడదు. పాత షెడ్డులో పని ఆపకుండానే కొత్తది కట్టుకోవచ్చు. ఇవన్నీ నిజమైన లాభాలే.

కానీ దూరం లెక్క చూడండి. షెడ్డు 8 కిలోమీటర్లు జరిగితే రానూపోనూ 16. ముప్పై టిప్పర్లకు రోజుకు 480 కిలోమీటర్లు. లీటరుకు 5 కిలోమీటర్లు అనుకున్నా 96 లీటర్ల డీజిల్, ఒక్క తట్ట మట్టి ఎత్తకముందే. చెత్త బండ్ల సంగతి వేరు. వాటి చివరి మజిలీ ఎలాగూ మడికొండ దగ్గరి రాంపూర్ డంపింగ్ యార్డు. రాత్రి అక్కడే నిలిపితే పొద్దున ఊళ్లోకి వచ్చే దూరం పెరిగినా, రాత్రి ఖాళీగా తిరిగివచ్చే దూరం తగ్గుతుంది. వాటివరకు బయటి జాగా నాకూ సమ్మతమే.

నాలా పనులకు మాత్రం కాదు. 2020 ఆగస్టులో, మళ్లీ 2023 జూలైలో నయీంనగర్, హంటర్ రోడ్డు వైపు కాలనీల్లోకి నీళ్లు వచ్చినప్పుడు చూశాం, అలాంటి రోజు రోడ్లే ముందు మూసుకుపోతాయి. మోటార్లు ఊరి అవతల ఉంటే అక్కడే చిక్కుకుంటాయి.

ఇంకో మాట ఎవరూ ఎత్తరు. చీకటితోనే హాజరు వేయించుకోవాల్సిన కార్మికులు బస్తీల నుంచి నడిచో, సైకిల్ మీదో వస్తారు. ఆ వేళకు ఊరి బయటికి బస్సు ఎక్కడిది? ఆ కార్మికుల్లో ఆడవాళ్లే ఎక్కువ కనిపిస్తారు. నాకు ఇదొక్కటే చాలు, షెడ్డు ఊరి నడుమే ఉండాలనడానికి.

అయితే రంగులు వేసి, రేకులు మార్చి బాగుచేశామంటే ఒప్పుకోను. కార్మికులకు స్నానాల గదులు, బట్టలు మార్చుకునే చోటు ముందు రావాలి. బండ్లు కడిగిన నూనె నీళ్లు నేరుగా నాలాలో కలవకుండా నూనె వేరుచేసే తొట్టి కట్టాలి. టిప్పరు తొట్టి పైకి లేపినా తగలనంత ఎత్తు కప్పు కావాలి. పనిని రెండు దఫాలుగా చేసి, సగం షెడ్డు ఎప్పుడూ నడవాలి. ఎండాకాలంలో మొదలుపెట్టి, తొలకరికి ముందే మొదటి సగం అప్పగించాలి.

మోటార్లు పెట్టే గది నేల మట్టం 2023 వరద గుర్తుకు పైన ఉండాలి. జాగా అంతకన్నా పల్లంగా ఉంటే, ఊళ్లోనే మరో మెరక జాగా వెతకాలి.