అడిగితే సాయమా, అడక్కముందే సాయమా: ఆఫీసులో ఏది మేలు?

ఒక సాయంత్రం మా టీమ్‌లో కొత్తగా చేరిన కుర్రాడు ఎక్సెల్ షీట్‌తో కుస్తీ పడుతున్నాడు. టోటల్ ఎంతకీ కలవడం లేదు. వెనక నిలబడి రెండు నిమిషాలు చూశాను. ఉండబట్టలేక "కొంచెం జరుగు" అని మౌస్ తీసుకున్నాను. ఒక కాలమ్‌లో అంకెలు టెక్స్ట్‌గా పడ్డాయి, అందుకే కూడికలోకి రావడం లేదు. మార్చేశాను, టోటల్ కలిసింది. "థ్యాంక్స్ అండీ" అన్నాడు గానీ, చేతులు ఒళ్లో పెట్టుకుని స్క్రీన్ వైపే చూస్తూ ఉండిపోయాడు.

తర్వాతి వారం మళ్లీ అదే తప్పు. ఈసారి నా దగ్గరికి రాలేదు, రెండు సీట్ల అవతల ఉన్న సీనియర్ మేడమ్ దగ్గరికి వెళ్లాడు. ఆవిడ కుర్చీ లాక్కుని పక్కన కూర్చుని "ఎక్కడ ఆగింది, చెప్పు" అన్నారు. మౌస్ అతని చేతిలోనే ఉంది. పావుగంట పట్టింది. లేచేటప్పుడు ఇద్దరూ నవ్వుతున్నారు. సాయం నేనూ చేశాను, ఆవిడా చేశారు. ఆ సంతోషం నాకెందుకు దక్కలేదా అని చాలా రోజులు ఆలోచించాను.

మిషిగన్ స్టేట్ యూనివర్సిటీలో రసెల్ జాన్సన్ బృందం ఈ రెండు రకాల సాయాల్నే పోల్చి చూసింది. అడిగినప్పుడు సాయం చేసినవాళ్లకు కృతజ్ఞత ఎక్కువగా అందింది. అడక్కుండా చొరవ తీసుకున్నవాళ్లకు తక్కువ. కృతజ్ఞత అందిన రోజుల్లో, తమ పని నలుగురికీ ఉపయోగపడుతోందన్న తృప్తి కూడా సాయం చేసినవాళ్లలో కనిపించింది. కారణం ఊహించడం కష్టం కాదు. అడగనప్పుడు అవతలివాళ్ల ఇబ్బంది ఏమిటో మనకు సరిగ్గా తెలియదు. పైగా "నీకు చేతకావడం లేదు" అని అందరి ముందూ అన్నట్టు అవుతుంది.

అలాగని అడిగేదాకా కదలకుండా కూర్చోవడం సరైనదని అనను. అడగనిదే అమ్మైనా పెట్టదంటారు, కానీ ఆఫీసులో నోరు తెరిచి అడగడం చాలామందికి ప్రాణసంకటం. ఫ్రాన్సిస్ ఫ్లిన్, వెనెసా లేక్ అనే పరిశోధకులు 2008లో ప్రచురించిన ప్రయోగాల్లో, అడిగితే ఎంతమంది ఒప్పుకుంటారన్న అంచనా దాదాపు సగం దాకా తక్కువగా వచ్చింది. అంటే జనం సాయానికి సిద్ధంగానే ఉన్నారు, అడిగేవాళ్లే కాదంటారని భయపడుతున్నారు. కొత్తగా చేరినవాళ్లకైతే ఏం అడగాలో కూడా తెలియదు. అందుకే నా ఓటు అడిగితే చేసే సాయానికే, అయితే ఆ అడగడాన్ని సులువు చేయాల్సింది మనమే. "ఏమైనా చూడమంటావా?" అని ఒక్క మాట అని ఆగితే చాలు. ఇక ప్రమాదం జరిగే పని అయితే ఈ లెక్కలేవీ వద్దు, ముందు చెయ్యి అడ్డం పెట్టాలి.

దీనికంటే లోతైన తేడా ఇంకొకటి ఉంది: ఇష్టంగా చేయడం, తప్పక చేయడం. నెటా వైన్‌స్టీన్, రిచర్డ్ రయాన్ 2010లో ప్రచురించిన పరిశోధన దీన్ని బాగా పట్టుకుంది. ఇష్టపడి సాయం చేసినవాళ్ల మనసు తేలికపడింది, సాయం అందుకున్నవాళ్లకూ మేలు జరిగింది. తప్పదని చేసినవాళ్లకు ఆ లాభం దక్కలేదు. సహకారానికి మార్కులేసి అప్రైజల్‌లో కలిపే మేనేజర్లు ఇది తప్పకుండా ఆలోచించాలి. మార్కు కోసం చేసిన సాయం సాయంగానే ఉంటుంది, కానీ చేసినవాళ్లకు అందులోంచి వచ్చే ఆనందం ఆవిరైపోతుంది.

ఇక ఎప్పుడు చేయాలి? ఎవరు పిలిస్తే అప్పుడు లేవడమా, దానికంటూ ఒక సమయం పెట్టుకోవడమా? నేను నిస్సంకోచంగా రెండోదే అంటాను. లెస్లీ పెర్లో 1999లో రాసిన పరిశోధనలో సాఫ్ట్‌వేర్ ఇంజనీర్లు పగలంతా ఒకరి పనిలోకి ఒకరు వస్తూ పోతూ, సొంత పని రాత్రికి పెట్టుకునేవాళ్లు. అప్పుడు కొన్ని గంటలు ఎవరూ ఎవరినీ కదిలించకూడదని పెట్టి చూశారు. సాయం ఆగిపోలేదు, మిగతా గంటల్లోకి జరిగింది. సోన్యా ల్యుబోమిర్‌స్కీ విద్యార్థులతో చేసిన ప్రయోగంలోనూ, వారానికి ఐదు మంచి పనులు ఒకే రోజు చేసినవాళ్లలోనే సంతోషం పెరిగింది, వారమంతా విడివిడిగా చేసినవాళ్లలో పెరగలేదు. చిన్న సాయాలు రోజువారీ పనిలో కలిసిపోతే, చేశామన్న సంగతే మనకు గుర్తుండదు కదా.

అడిగితే చేద్దాం అన్నాను గానీ, ఎవర్ని అడుగుతున్నారన్నది నన్ను ఇప్పటికీ బాధపెట్టే ప్రశ్న. లిండా బాబ్‌కాక్, తోటి ఆర్థికవేత్తలు 2017లో ప్రచురించిన ప్రయోగాల్లో, పేరు రాని పనిని ఎవరికి అప్పగించాలని ఎంచుకోమంటే ఆడవాళ్లను 44 శాతం ఎక్కువగా అడిగారు. ఒప్పుకున్నదీ వాళ్లే ఎక్కువ: ఆడవాళ్లు 76 శాతం, మగవాళ్లు 51 శాతం. అందరూ మగవాళ్లే ఉన్న గుంపులో మాత్రం ఎవరో ఒకరు ముందుకొచ్చి ఆ పని చేశారు. అంటే ఆడవాళ్లున్న చోట మగవాళ్లు చేతకాక ఊరుకోవడం లేదు, ఆవిడ చేస్తుందిలే అన్న ధీమాతో ఊరుకుంటున్నారు. అలా మీద పడ్డ సాయంలో ఇష్టం ఎంత, మొహమాటం ఎంత?

మా టీమ్‌లో ఇప్పుడు మీటింగ్ నోట్స్ రాయడానికి వంతులు వేసుకున్నాం, క్యాలెండర్‌లో పేర్లు వరసగా ఉంటాయి. అంతకుముందు మూడేళ్లపాటు ఆ పని సీనియర్ మేడమ్ ఒక్కరే చేశారు. ఆ మూడేళ్లలో "మీకు వీలవుతుందా?" అని ఆవిడను అడిగినవాళ్లు ఎవరూ లేరు, నాతో సహా.