40 వేల లోపు హెవీ రాక్ గిటారు: ఎనిమిది నెలలు వాయించాక

ఒడిశాలోని మా బరంపురంలో ఎలక్ట్రిక్ గిటారు అనగానే ఎవరికైనా పూజా పందిళ్ల ముందు సాగే మెలోడీ కార్యక్రమాలే గుర్తుకొస్తాయి. ఆర్కెస్ట్రాను ఇక్కడి తెలుగువాళ్లం కూడా మెలోడీ అనే అంటాం. 25 ఏళ్ల కిందట అలాంటి ఒక బృందంలో నేను నాలుగు సీజన్లు రిథమ్ గిటారు వాయించాను. ఆ పాత పరిచయాన్ని నమ్ముకొని, ఇంజనీరింగు రెండో సంవత్సరం చదువుతున్న మా అక్క కొడుకు "మామయ్యా, హెవీ రాక్‌కు పనికొచ్చే గిటారు చూసి పెట్టు" అని అడిగినప్పుడు, అరగంటలో తేలిపోయే పని అనుకున్నాను. నెలన్నర పట్టింది. మా బావగారు కేటాయించిన మొత్తం 40,000 రూపాయలు. గిటారు, యాంప్ (యాంప్లిఫయరు), కేబులు, సంచి, అదనపు తీగలు అన్నీ అందులోనే రావాలి. చివరికి మేము తీసుకున్నది ఐబనెజ్ సంస్థ జియో శ్రేణిలోని జీఆర్‌జీ121డీఎక్స్. ఎనిమిది నెలలుగా అది మా ఇంట్లో రోజూ మోగుతోంది కనుక, దాని గురించి ఇప్పుడు కొంత ధైర్యంగా రాయగలను.

మొదటి పాఠం మావాడి స్నేహితుడి గిటారు నేర్పింది. చవకలో కొన్న, మూడు సింగిల్ కాయిల్ పికప్‌లున్న గిటారు అది. మామూలు స్వరంతో వాయించినంతసేపు బాగానే పలికింది గాని, డిస్టార్షన్, అంటే స్వరాన్ని గరుకుగా మార్చే అమరిక, పెంచిన మరుక్షణం గది నిండా తుమ్మెదల రొద మొదలైంది. పికప్ అంటే అయస్కాంతం చుట్టూ చుట్టిన రాగి తీగ చుట్ట. అది గిటారు తీగల కదలికనే కాక ఇంటి కరెంటులోని 50 హెర్ట్జ్‌ల గుంయిమనే మోతను కూడా పట్టుకుంటుంది; డిస్టార్షన్ ఆ రెండింటినీ ఒకే పక్షపాతరాహిత్యంతో పెంచి చూపుతుంది. గిబ్సన్ సంస్థలో పనిచేసిన సెత్ లవర్ దీనికి విరుగుడుగా 1955లో పేటెంటుకు దరఖాస్తు చేసిన పికప్‌లో రెండు చుట్టలుంటాయి. వాటిని చుట్టిన దిశా, అయస్కాంత ధ్రువాలూ ఒకదానికొకటి ఎదురుగా ఉండడం వల్ల బయటి మోత తనను తానే కొట్టేసుకుంటుంది, తీగల స్వరం మాత్రం కలిసి బలపడుతుంది. హమ్ అనే ఆ మోతను అణిచేది కనుకే దానికి హంబకర్ అన్న పేరు వచ్చింది. హెవీ రాక్ వాయించేవారికి కనీసం బ్రిడ్జ్ (గిటారు ఒంటి మీద తీగల కింది కొసలు ఆనే లోహపు భాగం) పక్కన హంబకర్ ఉండి తీరాలి. ఇందులో నాకు రెండో అభిప్రాయం లేదు.

అయితే ఆ రోజు మోత తప్పంతా పికప్‌దే కాదని తరువాత తెలిసింది. తీగలపై చెయ్యి వేయగానే రొద తగ్గడం, తీయగానే పెరగడం గమనించి ఎలక్ట్రీషియన్‌ను పిలిపిస్తే, మా పాత ఇంటి మేడగదిలోని ప్లగ్గుకు అసలు ఎర్తింగే లేదని తేలింది. గిటారు తీగలు కేబులు గుండా యాంప్ ఎర్తుకు కలిసి ఉంటాయి కనుక ఇది శబ్దానికి మాత్రమే సంబంధించిన విషయం కాదు, ప్రాణానికి సంబంధించినది. మూడు పిన్నుల ప్లగ్గును రెండు పిన్నుల అడాప్టరుతో సరిపెట్టే అలవాటు మన ఇళ్లలో ఎక్కువ. గిటారు కొనేముందే ఆ పని సరిచేయించుకోవాలి.

పికప్ తరువాత చూడవలసింది బ్రిడ్జ్. అంగళ్లలో కనిపించే చవక గిటార్లలో చాలావాటికి ఊపే కడ్డీ, అంటే ట్రెమొలో, ఉంటుంది. కుర్రవాళ్ల కళ్లు ముందు దానిమీదే పడతాయి. హెవీ రాక్‌లో మాత్రం కుడి అరచేతి అంచును బ్రిడ్జ్ మీద ఆనించి తీగలను సగం నొక్కి వాయించడం, అంటే పామ్ మ్యూటింగ్, సగం పని. స్ప్రింగుల మీద తేలే బ్రిడ్జ్‌ను అలా నొక్కితే శ్రుతి కదులుతుంది. పైగా లావు తీగను ఇ నుంచి డి స్వరానికి దించితే స్ప్రింగుల సమతూకం తప్పి మిగిలిన అయిదు తీగల శ్రుతి కూడా చెదురుతుంది. ఖరీదైన ఫ్లాయిడ్ రోజ్ బ్రిడ్జ్‌లలో నట్ (మెడ పైకొసన తీగలు ఆనే గాడుల పట్టీ) దగ్గర తీగలను బిగించే తాళాలున్నా, నేర్చుకునేవాడికి తీగలు మార్చడమే ఒక పూట పని అవుతుంది. కదలని బ్రిడ్జ్ ఉన్న గిటారునే వెతకాలని నేను పట్టుబట్టింది ఇందుకే. మావాడు రెండు రోజులు అలిగాడు.

మూడో విషయం స్కేలు పొడవు, అంటే నట్ నుంచి బ్రిడ్జ్ దాకా మోగే తీగ పొడవు. దీన్ని ఎవరూ పట్టించుకోరు గాని నా దృష్టిలో అసలు కీలకం ఇదే. తీగ బిగువు స్కేలు పొడవు వర్గాన్నీ, స్వరం పౌనఃపున్యం వర్గాన్నీ అనుసరించి మారుతుంది. 25.5 అంగుళాల గిటారు మీద ఉన్న తీగనే 24 అంగుళాల గిటారుకు వేసి అదే స్వరానికి బిగిస్తే బిగువు 11 శాతం తగ్గుతుంది. ఇ నుంచి డి కి దించితే మరో 20 శాతం పోతుంది. అప్పుడు తీగ మెడ మీది లోహపు మెట్లకు, అంటే ఫ్రెట్లకు, కొట్టుకొని గరగరలాడుతుంది, గట్టిగా మీటగానే స్వరం పైకి జారుతుంది. దీనికి మందు లావు తీగ. సాధారణంగా వాడే 10–46 సెట్టు (అతి సన్న, అతి లావు తీగల మందం, అంగుళంలో వెయ్యో వంతుల్లో) బదులు 10–52 సెట్టు వేస్తే, డి కి దించిన ఆరో తీగ బిగువు దాదాపు మొదటి స్థితికే వస్తుంది. తీగలు వదులుగా ఉండడమే చెడ్డదని దీని అర్థం కాదు. బ్లాక్ సబ్బాత్ గిటారిస్టు టోనీ అయోమీ 17 ఏళ్ల వయసులో బర్మింగ్‌హామ్‌లోని రేకుల కర్మాగారంలో వేళ్ల కొసలు పోగొట్టుకొని, నొప్పి లేకుండా నొక్కడం కోసం సన్నని తీగలు వేశాడు, శ్రుతి దించాడు. హెవీ రాక్ గంభీర స్వరానికి మూలాల్లో అదొకటి. కాని ఆయన వేళ్లకున్న అదుపు నేర్చుకునేవాడికి మొదటి రోజే రాదు కదా.

ఈ మూడు గీటురాళ్లతో చూసినప్పుడు జాబితా త్వరగానే చిన్నదైంది. యమహా పసిఫికా 012 నాణ్యతలో ఎంతో నమ్మదగిన గిటారు. సినిమా పాటలూ, బ్లూసూ, రాకూ అన్నీ కలిపి వాయించాలనుకునేవారికి నేను ముందుగా చెప్పేది దాని పేరే. అయితే దానికి బ్రిడ్జ్ దగ్గర ఒక్కటే హంబకర్, మిగిలిన రెండూ సింగిల్ కాయిళ్లు, పైగా ట్రెమొలో. స్క్వయర్ బుల్లెట్ మస్టాంగ్ హెచ్‌హెచ్‌లో రెండు హంబకర్లూ కదలని బ్రిడ్జ్‌ ఉన్నాయి, చిన్న చేతులకు హాయిగా ఉంటుంది కూడా, కాని స్కేలు 24 అంగుళాలే. జాక్సన్ జేఎస్22 డింకీ దగ్గర చాలాసేపు ఆగాము. 25.5 అంగుళాల స్కేలు, 24 ఫ్రెట్లు, గట్టిగా పలికే హంబకర్లు. దాని ఫ్రెట్‌బోర్డు వంపు నట్ దగ్గర 12 అంగుళాల వ్యాసార్ధంతో మొదలై చివరకు 16 అంగుళాలకు చదునవుతుంది కాబట్టి పైఫ్రెట్లలో సోలోలు వాయించడం సుఖం. ట్రెమొలో ఒక్కటే అడ్డు. వెనుక మూత తీసి స్ప్రింగుల పక్కన సరిగ్గా కోసిన టేకు ముక్కను దూర్చి దాన్ని కదలకుండా చేయవచ్చు, మంచి వడ్రంగి చేతిలో పది నిమిషాల పని. మొదటి రోజే కొత్త గిటారు లోపల చెక్కముక్కలు కొట్టించడానికి మా అక్క ఒప్పుకోలేదు. కార్ట్ కేఎక్స్100 కూడా మా కొలతలకు సరిపోయేదే, కాని మాకు చేత్తో పట్టుకొని చూసే అవకాశం దొరకలేదు.

చేత్తో పట్టుకొని చూడడం గురించి రెండు మాటలు చెప్పాలి. బరంపురం వాద్యాల దుకాణాల్లో హార్మోనియం, తబలా, కీబోర్డు, అకౌస్టిక్ గిటార్లు పుష్కలంగా ఉంటాయి. మేము వెళ్లిన చోట ఎలక్ట్రిక్ గిటార్లు రెండో మూడో గోడకు వేలాడుతున్నాయి. "ఆజ్ఞా (అయ్యా), మెలోడీవాళ్లు ఇదే పట్టుకుపోతారు" అని ఆ పెద్దమనిషి నిజాయితీగానే చూపించాడు, కాని అది మా పనికి వచ్చేది కాదు. ఆన్‌లైన్‌లో వేరే సంస్థ గిటారు ఒకటి తెప్పిస్తే, మెడ విల్లులా వంగి, పన్నెండో ఫ్రెట్ దగ్గర తీగ కింద పెన్సిలు దూరేంత ఎత్తులో వచ్చింది; తిప్పి పంపడానికి పన్నెండు రోజులు పట్టింది. ఆ తరువాతే పొద్దున్న రైలెక్కి, సుమారు 275 కిలోమీటర్ల దూరంలోని విశాఖపట్నం వెళ్లి, నాలుగు గిటార్లు ఒళ్లో పెట్టుకొని చూసి, ఐబనెజ్‌ను తెచ్చుకున్నాము. ఛార్జీలు కలుపుకున్నా నష్టపోలేదనే అనుకుంటున్నాను.

ఇక దాని గుణాల మాట. మెడ సన్నగా, చదునుగా ఉంది. నా మొద్దుబారిన వేళ్లకు కూడా ఒకటో ఫ్రెట్ నుంచి ఇరవై నాలుగో ఫ్రెట్ దాకా ఎక్కడా అడ్డం తగలలేదు. కదలని బ్రిడ్జ్ వల్ల శ్రుతి నిలకడ ఈ ధరకు మించినట్టే ఉంది. గంటసేపు పామ్ మ్యూటింగ్ చేశాక ట్యూనరు పెట్టి చూస్తే ఏదో ఒక తీగను వెంట్రుకవాసి సర్దితే సరిపోతోంది. బ్రిడ్జ్ దగ్గరి ఇన్ఫినిటీ ఆర్ హంబకర్ పవర్ కార్డులకు కావలసిన దెబ్బను ఇస్తుంది. మూల స్వరం, దాని పంచమం కలిపి వాయించినప్పుడు మోత ముద్దగా, నిండుగా వస్తుంది. గాంధారం కూడా కలిపి పూర్తి కార్డు వాయిస్తే మాత్రం గెయిన్, అంటే డిస్టార్షన్ మోతాదు, ఎక్కువగా ఉన్నప్పుడు స్వరాలు కలగాపులగమవుతాయి. అది కొంతవరకు డిస్టార్షన్ స్వభావమే అయినా, ఈ ధరలో వచ్చే సిరామిక్ అయస్కాంతాల పికప్‌లకు స్వరాలను విడివిడిగా వినిపించే శక్తి తక్కువే. మెడ దగ్గరి పికప్‌ను మామూలు స్వరంతో వాయిస్తే కాస్త మందంగా, దుప్పటి కప్పినట్టుగా ఉంటుంది. పాత సినిమా పాటల సున్నితమైన మీటులు కోరేవారు దీన్ని కొనకపోవడమే మంచిది. ఫ్రెట్‌బోర్డు మీది షార్క్ పన్ను ముద్రలు నాకు నచ్చలేదు. మావాడికి గిటారులో అన్నిటికంటే నచ్చినవి అవే.

సెటప్ మేమే చేసుకున్నాము. చిన్న స్టీలు స్కేలు పెట్టి, పన్నెండో ఫ్రెట్ దగ్గర లావు తీగ ఎత్తు 2 మిల్లీమీటర్లు, సన్న తీగ ఎత్తు 1.5 మిల్లీమీటర్లు ఉండేలా సర్దాము. 10–52 తీగలు వేశాక మెడ మీద లాగుడు పెరిగింది కనుక మెడ లోపల దాని వంపును సరిచేసే కడ్డీ అయిన ట్రస్ రాడ్‌ను పావు చుట్టు బిగించి, ఒక రాత్రి అలా వదిలి, మర్నాడు మళ్లీ కొలిచాము. పన్నెండో ఫ్రెట్ నొక్కి పలికించిన స్వరం, అక్కడే తీగను వేలితో తాకి పలికించిన హార్మోనిక్ కంటే పైకి ఉంటే బ్రిడ్జ్ మీద ఆ తీగ ఆనే చిన్న దిమ్మె అయిన శాడిల్‌ను వెనక్కి జరపాలి. ఆరు తీగలకూ ఇది చేయడానికి అరపూట పట్టింది గాని, ఆ తరువాత గిటారు ధర రెట్టింపైనట్టు పలికింది. గోపాల్‌పూర్ సముద్రం మాకు పదిహేను కిలోమీటర్లే కనుక వర్షాకాలంలో తీగలు మూడు వారాలకే తుప్పు పడుతున్నాయి. వాయించిన ప్రతిసారీ పొడి నూలుగుడ్డతో తుడవడం, సంచిలో రెండు సిలికా జెల్ పొట్లాలు వేయడం అలవాటు చేసుకున్నాక ఆరు వారాలు వస్తున్నాయి.

యాంప్ విషయంలో ఎక్కువమంది చేసే పొరపాటు డబ్బంతా గిటారు మీదే పోయడం. అయిదంగుళాల స్పీకరున్న బొమ్మ యాంప్‌లో ఏ గిటారైనా కందిరీగలాగే వినిపిస్తుంది. మొత్తంలో నాలుగో వంతు యాంప్‌కు తీసి పెట్టి, 8 అంగుళాల స్పీకరు, 20 వాట్లు, హెడ్‌ఫోన్ రంధ్రం ఉన్నది తీసుకున్నాము. మా వీధి ఇళ్లు గోడకు గోడ ఆనుకొని ఉంటాయి కనుక రాత్రి తొమ్మిది దాటితే హెడ్‌ఫోనే. నా మెలోడీ రోజుల నాటి, బాస్ అనే సంస్థ చేసిన డీఎస్-1 డిస్టార్షన్ పెడల్ అటక మీద దొరికితే బ్యాటరీ వేసి చూశాను, ఇంకా బతికే ఉంది. 1978లో వచ్చిన ఆ నారింజ రంగు డబ్బా ఈ హంబకర్‌తో కలిసినప్పుడు యాంప్‌లోని సొంత డిస్టార్షన్ కంటే బాగుంది. మావాడు మొదట్లో బేసూ ట్రెబులూ పూర్తిగా పెంచి మిడ్ (మధ్య స్థాయి స్వరాలు) సున్నాకు దించేవాడు. ఒంటరిగా గదిలో అది గొప్పగానే ఉంటుంది గాని, డ్రమ్సు తోడైతే గిటారు ఎక్కడుందో వినపడదు. మిడ్ సగానికి తెచ్చి, గెయిన్ తాను అనుకున్నదానికంటే కాస్త తగ్గించాక వాడి కుడిచేతి తప్పులు వాడికే వినపడడం మొదలైంది.

ఇప్పుడు శ్రుతిని డి నుంచి ఇంకా కిందికి, సి దాకా దించుతానంటున్నాడు. దానికి 56 లేదా అంతకంటే లావు తీగ కావాలి, ఆ తీగ నట్ గాడిలో పట్టదు, గాడిని సన్నని ఆకురాయితో వెడల్పు చేయాలి. ఒక్క గీత లోతు ఎక్కువైతే నట్ మార్చవలసిందే కనుక, ఆ పని మాత్రం వడ్రంగికీ, మా మేనల్లుడికీ అప్పగించకుండా మరోసారి విశాఖ రైలెక్కుతాను.