ఇరుకంటే భయం ఉన్నవాళ్లకు విమానంలో ఏ సీటు మంచిది? ఏళ్ల తరబడి తిరిగాక నేను చెప్పేది

క్లాస్ట్రోఫోబియా ఉన్నవాళ్లు విమానం టికెట్ కొనేటప్పుడు ముందు చూడాల్సింది లెగ్‌రూమ్ కాదు, సీటు వెడల్పు కూడా కాదు. లేవాలనిపించిన క్షణంలో ఎవర్నీ అడగకుండా, ఎవర్నీ నిద్ర లేపకుండా లేచి నిలబడగలరా లేదా, అది చూడాలి. హైదరాబాద్ నుంచి దుబాయ్ మీదుగానో దోహా మీదుగానో డల్లాస్‌కి ఏళ్ల తరబడి తిరుగుతున్నాను. ఇండియాకొచ్చినప్పుడల్లా విజయవాడ, రాజమండ్రి, ఢిల్లీ ప్రయాణాలు ఎలాగూ ఉంటాయి. దాదాపు అన్ని రకాల సీట్లలోనూ కూర్చుని చూశాక నాకు తేలింది ఇదే. మిగతావన్నీ దీని తర్వాతే.

ఈ భయం లేనివాళ్లకు ఒక మాట. విమానం కూలిపోతుందేమో అన్న భయం వేరు, ఇది వేరు. నాకు కుదుపులు వచ్చినా పెద్దగా పట్టదు, టేకాఫ్ అంటే ఇష్టం కూడా. నా ఇబ్బంది అంతా తలుపు మూశాక మొదలవుతుంది: ఇక దిగడానికి లేదు అని మనసుకు తెలిసిన ఆ నిమిషం నుంచి. గుండె దడ, అరచేతుల్లో చెమట, ఊపిరి అందనట్టు ఉండటం, ఎలాగైనా బయటపడాలన్న తొందర. "కళ్లు మూసుకుని పడుకో, అదే పోతుంది" అని అందరూ ప్రేమగానే చెబుతారు, కానీ కళ్లు మూసుకుంటే గోడలు ఇంకా దగ్గరికొచ్చినట్టు ఉంటుంది. కళ్ల ముందు ఖాళీ కనిపించాలి, కాలు బయటికి పెట్టే చోటుండాలి. సీటు ఎంపిక అంతా ఈ రెండింటి కోసమే.

కాబట్టి ఐల్ సీటు, అంటే నడవ పక్క సీటు, ఇందులో రెండో మాట లేదు. కానీ ఏ ఐల్ అన్నది కూడా ముఖ్యమే. పెద్ద విమానాల్లో రెండు నడవలు ఉంటాయి కదా, కిటికీ వైపు మూడు సీట్లలో ఐల్ తీసుకుంటే లోపలి ఇద్దరూ బాత్రూమ్‌కి వెళ్లాలంటే మీ మీదుగానే వెళ్లాలి. అదే మధ్యలో ఉండే నాలుగు సీట్లలో చివరి ఐల్ తీసుకుంటే, పక్కనున్న ఒక్కరే మీ వైపు వస్తారు, మిగతా ఇద్దరూ అవతలి నడవలోకి వెళ్లిపోతారు. 15, 16 గంటల ప్రయాణంలో ఈ తేడా చాలా పెద్దది. పైగా మధ్య బ్లాకులో గోడ ఒంపు భుజానికి తగలదు. ఇంకొకటి, చాలా విమానాల్లో నడవ వైపు ఆర్మ్‌రెస్ట్ కదలదని అనుకుంటాం గానీ, దాని కింద వెనక చివర, మడత దగ్గర వేలితో తడిమితే చిన్న బటన్ దొరుకుతుంది. అది నొక్కితే ఆర్మ్‌రెస్ట్ పైకి లేస్తుంది. టేకాఫ్, ల్యాండింగ్ సమయాల్లో దించేయాలి, మిగతా సమయమంతా ఒక పక్క పూర్తిగా తెరుచుకుని ఉంటుంది. ఆ ఒక్క బటన్ వల్ల నాకు దక్కిన హాయి డబ్బు పెట్టి కొన్న ఏ సౌకర్యం వల్లా దక్కలేదు.

ఇక విమానం రకం. టికెట్ ధర చూసే ముందు నేను ఇదే చూస్తాను. ఎకానమీలో నాకు అన్నిటికంటే నచ్చింది ఎయిర్‌బస్ ఏ330. లోపలి వెడల్పులో అది బోయింగ్ 777 కంటే చిన్నదే, కానీ వరుసకు 2-4-2 చొప్పున ఎనిమిది సీట్లే, ఒక్కో సీటు దాదాపు 18 అంగుళాలు. ఇద్దరం కలిసి ప్రయాణిస్తుంటే కిటికీ వైపు రెండు సీట్లూ మనవే, బయటి మనిషి మధ్యలో ఉండడు. ఏ350లో 3-3-3, అయినా క్యాబిన్ పొడవునా పైకప్పు ఎత్తుగా అనిపిస్తుంది, చప్పుడు తక్కువ, దానికి నా రెండో ఓటు. 777 మొదట్లో చాలా కంపెనీలకు వరుసకు తొమ్మిది సీట్లతో వచ్చేది, ఇప్పుడు ఎక్కువ కంపెనీలు 3-4-3గా పది ఇరికించాయి, సీటు 17 అంగుళాలకు దిగిపోయింది. భుజాలు తగలని మనిషి ఉండడు. కానీ ఆ 777లోనే మన లాంటివాళ్లకు ఒక మంచి చోటుంది. తోక దగ్గర విమానం సన్నబడుతుంది కాబట్టి చాలా 777ల్లో చివరి కొన్ని వరుసల్లో కిటికీ వైపు మూడుకు బదులు రెండే సీట్లు ఉంటాయి, సీటుకీ గోడకీ మధ్య బ్యాగ్ పట్టేంత సందు కూడా మిగులుతుంది. బాత్రూమ్ పక్కనే, భోజనం చివర్లో వస్తుంది, ఊగడం కాస్త ఎక్కువ, దిగడం కూడా అందరి తర్వాతే. అయినా నేను చాలాసార్లు అవే తీసుకున్నాను, వెనక గ్యాలీ (క్రూ భోజనాలు సిద్ధం చేసే చోటు) దగ్గర నిలబడటానికి చోటుంటుంది, లేచి నాలుగు అడుగులు వేస్తే చాలు.

దిగేటప్పుడు మాత్రం వెనక సీటు పరీక్షే. విమానం ఆగగానే అందరూ లేచి నడవలో నిండిపోతారు, తలుపు ఇంకా తెరవరు, ముందుకీ వెనక్కీ కదల్లేం. నాకు ఎగిరేటప్పటికంటే ఈ పది పదిహేను నిమిషాలే కష్టం. అందుకే నేను లేవను. నడవ ఖాళీ అయ్యేదాకా కూర్చునే ఉంటాను. చేతిలో తక్కువ సమయం ఉండి ఇంకో విమానం పట్టుకోవాల్సి ఉంటే మాత్రం ముందు వైపు ఐల్ డబ్బు పెట్టి మరీ తీసుకుంటాను.

బోయింగ్ 787 గురించి విడిగా చెప్పాలి, ఎందుకంటే దాన్ని చూసి ఆశపడేవాళ్లు చాలామంది. కిటికీలు నిజంగా పెద్దవి, కూర్చున్న చోటు నుంచే ఆకాశం కనిపిస్తుంది. క్యాబిన్‌లో గాలి ఒత్తిడి కూడా 6000 అడుగుల ఎత్తులో ఉన్నట్టు ఉంచుతారు, పాత విమానాల్లో అది 8000 అడుగుల దాకా ఉండొచ్చు, అంటే ఊటీ కంటే కాస్త పైన. తలనొప్పి తగ్గిందని నేను గట్టిగా చెప్పగలను. కానీ దీనికి కిటికీ మూత ఉండదు, అద్దమే బటన్‌తో ముదురు నీలంగా మారుతుంది, ఆ నియంత్రణ క్రూ చేతుల్లో ఉంటుంది. పట్టపగలు కూడా అందరూ పడుకోవాలని మొత్తం క్యాబిన్ చీకటి చేసేశారనుకోండి, వెలుతురు కోసమే కిటికీ పక్కన కూర్చున్నవాళ్లకు ఏమీ మిగలదు. సీట్లు కూడా 3-3-3లో 17 అంగుళాలే. కిటికీలోంచి చూస్తుంటేనే నాకు నయం అనేవాళ్లు ఉంటారు, వాళ్లను కాదనను. వాళ్లు మామూలు మూత ఉన్న విమానం చూసుకోవడం మేలు.

బల్క్‌హెడ్ అంటే ముందు సీటు లేని మొదటి వరుస. ముందువాళ్లు సీటు వెనక్కి వాల్చి మన మొహం మీదకి తెచ్చే బాధ ఇక్కడ లేదు, సుదీర్ఘ ప్రయాణంలో ఇరుకు భయాన్ని ఎక్కువగా రేపేది ఆ వాలిన సీటే కాబట్టి ఇది చిన్న లాభం కాదు. కానీ ముందు గోడ ఉంటుంది. కొందరికి ఆ గోడ ఇబ్బంది. గోడ చివర, నడవ పక్క సీటైతే చూపు ముందు క్యాబిన్‌లోకి సాగుతుంది, అందుకని బల్క్‌హెడ్‌లో ఐల్ మాత్రమే తీసుకోండి, మధ్యలోది వద్దు. ట్రే, టీవీ ఆర్మ్‌రెస్ట్‌లోంచే వస్తాయి కాబట్టి అది పైకి లేవదు, సీటు కూడా కాస్త బిగుతు. పసిపిల్లల ఉయ్యాల తగిలించేదీ అక్కడే.

ఎగ్జిట్ రో, అంటే అత్యవసర తలుపు పక్క వరుసలో కాళ్లు బాగా చాపుకోవచ్చు, నిజమే. ఒకే నడవ ఉండే ఏ320ల్లో చాలావాటిలో 12, 13 వరుసలు రెక్క మీద తలుపుల దగ్గరివి. 12వ వరుస సీట్లు వెనక్కి వాలవు కాబట్టి 13లో కూర్చుంటే మన మీదకి ఎవరూ వాలరు, దేశంలో చిన్న ప్రయాణాలకు నాకు 13 ఐల్ చాలా ఇష్టం. ఒక్క విషయం గట్టిగా చెప్తాను: ఆ తలుపు తెరిచి ఇతరులకు సాయం చేయాల్సిన బాధ్యత ఆ సీటుతోనే వస్తుంది. భయం పట్టినప్పుడు చేతులు వణికి, మాట వినిపించని స్థితి వచ్చేవాళ్లు దయచేసి ఆ సీటు తీసుకోకండి. పెద్ద విమానాల్లో ఎగ్జిట్ దగ్గర కిటికీ సీటుకు ఇంకో చిక్కు, తలుపు ఉబ్బు కాళ్ల దగ్గరికి చొచ్చుకొస్తుంది, కొన్నిటికి కిటికీ సరైన చోట ఉండదు. బోయింగ్ 737లో అయితే రెక్కకు ముందు ఒకటి రెండు వరుసల్లో ఏసీ గొట్టం గోడలో పైకి వెళ్తుంది కాబట్టి కిటికీ అసలు ఉండదు. విండో సీటు అని డబ్బు కట్టి ఖాళీ గోడ చూస్తూ కూర్చోవడం మన లాంటివాళ్లకు మామూలు కష్టం కాదు. ఏరోలోపా అనే సైట్‌లో సీట్ల మ్యాప్‌లు కొలతలతో సహా, కిటికీలు ఎక్కడున్నాయో గుర్తించి ఉంటాయి. నేను ప్రతి టికెట్‌కీ అందులో చూసుకున్నాకే సీటు కొంటాను.

రాజమండ్రి, తిరుపతి లాంటి ఊళ్లకు తిరిగే ఏటీఆర్ 72 చూసి చాలామంది భయపడతారు, చిన్నది కదా అని. నాకైతే అదే నయం. వరుసకు 2-2, మిడిల్ సీటే లేదు, ఎక్కేది దిగేది వెనక తలుపు నుంచి, కాబట్టి వెనక వరుస తీసుకుంటే ముందు దిగేది మనమే. పైకప్పు తక్కువ, పొడుగువాళ్లు వంగాల్సిందే, కానీ గంట ప్రయాణం.

గాలి సంగతి. ఊపిరాడదేమో అన్న అనుమానం నాకు ఎక్కువగా ఉండేది, విషయం తెలుసుకున్నాక చాలా తగ్గింది. ఎగిరేటప్పుడు క్యాబిన్ గాలి రెండు మూడు నిమిషాలకోసారి మొత్తం మారిపోతుంది, అందులో దాదాపు సగం బయటి గాలి, మిగతాది సూక్ష్మక్రిములను పట్టేసే హెపా ఫిల్టర్లలోంచి వచ్చేది. ఉక్కపోత ఉండేది నేల మీద, ఇంజన్లు స్టార్ట్ కాక ముందు. మే నెలలో ఢిల్లీలో తలుపు మూసి రన్‌వే ఖాళీ కోసం ఆపితే తెలుస్తుంది అది. అందుకే నేను ఎక్కడం చివర్లో ఎక్కుతాను, పైన బ్యాగ్‌కి చోటు దొరక్కపోయినా సరే, చిన్న బ్యాగ్‌తోనే వస్తాను. తలమీద గాలి గొట్టం పెద్ద విమానాల్లో చాలావాటిలో ఉండటం లేదు, చిన్న బ్యాటరీ ఫ్యాన్ దగ్గర పెట్టుకోండి, ఇంట్లోనే ఫుల్ ఛార్జ్ చేసుకోండి. ఎమిరేట్స్ 2025 అక్టోబర్ నుంచి విమానంలో పవర్ బ్యాంక్ వాడనివ్వడం లేదు.

నేల మీద ఇరుక్కుపోతే ఎంతసేపు అన్నది తెలిస్తే మనసు కుదుటపడుతుంది. అమెరికాలో నిబంధన ఇది: దేశీయ విమానమైతే మూడు గంటలు, అంతర్జాతీయమైతే నాలుగు గంటలు దాటకముందే దిగే అవకాశం ఇవ్వాలి (భద్రతా కారణాలు మినహాయింపు), రెండు గంటల్లోపు నీళ్లు, తినడానికి ఏదైనా ఇవ్వాలి. మన దగ్గర కూడా ఎక్కాక బాగా ఆలస్యమైతే ప్రయాణికులను డిపార్చర్ గేటు గుండా బయటికి పంపేలా విమానయాన భద్రతా సంస్థ బీసీఏఎస్ 2024లో మార్గదర్శకాలిచ్చింది.

బాత్రూమ్ గురించి ఎవరూ రాయరు, కానీ సీటు దాటాక మన అసలు సమస్య అదే. నీళ్లు తాగడం మానేసి కూర్చునేవాళ్లు నాకు తెలుసు, అది ఇంకా ప్రమాదం. పెద్ద విమానాల్లో వీల్‌చెయిర్ గుర్తున్న బాత్రూమ్ ఒకటుంటుంది, మిగతావాటికంటే విశాలం, ఎక్కగానే అదెక్కడుందో చూసి పెట్టుకోండి. లోపల గడియ పెట్టినా బయట ఉన్న పలక ఎత్తి క్రూ తలుపు తీయగలరు. అంటే లోపల ఇరుక్కుపోవడం అన్నదే లేదు. ఈ సంగతి తెలిశాకే నేను అందులో గడియ పెట్టగలుగుతున్నాను.

బిజినెస్ క్లాస్‌లో ఈ బాధ ఉండదు కదా అంటారు. మైల్స్‌తో (ఎయిర్‌లైన్ ఇచ్చే పాయింట్లతో) వెళ్లి చూశాను. కూర్చున్నంతసేపు స్వర్గమే. పడుకుంటే కాళ్లు ముందు సీటు కింద సన్నని సందులోకి దూర్చాలి, మోకాళ్లు కదపలేం, చుట్టూ ఎత్తైన గోడ. తలుపున్న సూట్ అయితే మూయనక్కర్లేదు, తెరిచే ఉంచమని చెప్పొచ్చు. అంత డబ్బు పెట్టేబదులు ప్రీమియం ఎకానమీ నా మాట: ఎమిరేట్స్ 777లో 2-4-2, సీటు 19.5 అంగుళాలు, చుట్టూ గోడల్లేవు, చూపుకి అడ్డం లేదు. ఇరుకు భయం ఉన్నవాళ్లకు పెట్టే డబ్బుకి ఇంతకంటే ఫలితమిచ్చేది నేను చూడలేదు.

మా అమ్మకీ ఇదే ఇబ్బంది. అమెరికా రమ్మంటే "ఏ సీటైనా ఇప్పించు నాయనా, మధ్యలో మాత్రం వద్దు" అంటుంది. పెద్దవాళ్లకు బుక్ చేసేటప్పుడు సీటు అదృష్టానికి వదలొద్దు, టికెట్ కొన్న రోజే ఎంచుకోండి, బయలుదేరే వారం ముందు మళ్లీ తెరిచి చూడండి, విమానం మారిస్తే సీట్లన్నీ చెప్పకుండా మార్చేస్తారు. అలా మారితే కౌంటర్‌లో దాచుకోకుండా "క్లాస్ట్రోఫోబియా ఉంది, ఐల్ కావాలి" అని ఆ మాటే చెప్పండి. ఎక్కగానే క్రూకి కూడా చెప్పండి. నేను చెప్పిన ప్రతిసారీ గ్యాలీలో నిలబడనిచ్చారు, కాస్త మంచినీళ్లిచ్చి పలకరించారు.

మందుల గురించి డాక్టర్‌నే అడగండి, ఎవరో వాడారని వేసుకోకండి, మందుతో పాటు ఆల్కహాల్ అసలు వద్దు. దుబాయ్‌లో దిగి బయటికి వెళ్లే ఆలోచన ఉంటే ఇంకో జాగ్రత్త: ఆల్ప్రజోలమ్, డయాజెపామ్ లాంటివి యూఏఈలో నియంత్రిత మందులు, ముందే ఆన్‌లైన్‌లో అనుమతి తీసుకుని, ప్రిస్క్రిప్షన్ కాగితం హ్యాండ్‌బ్యాగ్‌లో పెట్టుకోండి, చెక్-ఇన్ సూట్‌కేస్‌లో కాదు.